ఇరుక్కుపోయిన భారతం

చిత్తూరు పక్క ఎండాకాలం అంటే రెండే... తోతాపురి మామిడి, ఊరూరా భారతం. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది గానీ, భారతానికి ఆ సరిహద్దు పట్టదు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. చాలా ఊళ్లలో పద్దెనిమిది రోజులు ఇదే వరస. అర్జునుడు తపసు మాను ఎక్కేరోజు కింద పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు వరపడతారు. ఆఖరిరోజు నేలమీద పరిచిన మట్టి దుర్యోధనుడు కూలాలి, ద్రౌపది జుట్టు ముడెయ్యాలి. ఆపైన అగ్నిగుండం.

అది చూద్దామనే ఓ పల్లెకు వెళ్లాను. గుడి దగ్గర ఒక కుర్రాడు సీడీ చేతిలో పెట్టాడు. ‘‘మా తాత హరికథ సార్. ఇదొక్కటే ఉండేది. కాపీ చేసి ఇయ్యండి’’ అన్నాడు. తాత ఇప్పుడు లేడు. పైన అతికించిన కాగితంమీద ఆయన ఫొటో.

నా పాత ల్యాప్‌టాప్‌లో పెట్టాను. నిమిషం గిర్రుమంది, ఆగింది. బటన్ నొక్కితే ట్రే రాదు. మే నెల వేడి, లోపల మిషన్ వేడి... కాగితం జిగురు కరిగి అంచు లేచినట్టుంది. గోరుతో లాగబోయి మానుకున్నాను. నాది కాదు కదా!

చిత్తూరు నుంచి తిరుపతి దాదాపు 70 కిలోమీటర్లు. బస్సులో బ్యాగును చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాను. చంద్రగిరి కొండ కూడా సరిగా చూడలేదు. గోవిందరాజస్వామి గోపురం కనిపించే ఒక సందులో రిపేరు కొట్టు.

‘‘ముందు ఆఫ్ చెయ్యండి సార్. సీడీ తిరగతా ఉంటే గీత పడిపోతాది’’ అన్నాడు కొట్టతను. జెమ్ క్లిప్పును నిటారుగా సాగదీశాడు. ట్రే ముందుభాగంలో సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది, చూశారా? అందులోకి తిన్నగా తోశాడు. కరెంటు లేకపోయినా తలుపు తెరుచుకోవడానికి పెట్టిన దారి అది. (సీడీని సందులోకి నేరుగా మింగేసే రకాలకు సాధారణంగా ఈ సౌకర్యం ఉండదు.) ట్రే అరంగుళం వచ్చి మొరాయించింది. పాత రీచార్జి కార్డు సందులోకి జొనిపి, లేచిన కాగితాన్ని అదిమిపట్టి, రెండోచేత్తో మెల్లగా లాగాడు. వచ్చేసింది!

నేను మిగిలిన కాగితం పీకబోతే చెయ్యి పట్టుకున్నాడు. ‘‘పాట ఉండేది ఆ పక్కనే సార్!’’ నిజమే. మనం రాసుకునే సీడీల్లో రికార్డయ్యే పొర పైవైపే, కాగితం కిందే ఉంటుంది. పీకితే దాంతోపాటే ఊడొస్తుంది. అంచుల్లో అప్పటికే కాస్త ఊడింది.

వేరే డ్రైవ్‌లో పెట్టి పెన్‌డ్రైవ్‌కు ఎక్కించాడు. చిడతల చప్పుడు, ఆ వెనకే పెద్దాయన గొంతు. కొట్లో బేరమాడుతున్నవాళ్లు కూడా ఆగారు. సీడీ లోపలి నుంచి అంచుకు చదువుకుంటూ పోతుంది కాబట్టి దెబ్బతిన్నది ఆఖరి భాగం. భీముడు గద ఎత్తాడు... గరగర. అంతే.

మర్నాడు వెనక్కి వెళ్లి పెన్‌డ్రైవ్, సీడీ రెండూ ఇచ్చాను. జరిగింది చెప్పాను. కుర్రాడు చిరిగిన ఫొటోను వేలితో సర్దాడు.

‘‘ఆ ముక్క నాకొచ్చు సార్’’ అని, గుడిమెట్టుమీద కూర్చుని అందుకున్నాడు.