ఎనుక ఎవరు కూసుంటరు?

బండికి గాలి కొట్టించడం కూడా రాసేంత విషయమా అనుకోకండి. సిద్దిపేటలో ఓ పంక్చర్ దుకాణం ముందు గంటన్నర కూర్చునే దాకా నేనూ అలాగే అనుకున్నాను.

హైదరాబాద్ నుంచి సిద్దిపేట దాదాపు 100 కిలోమీటర్లు. శామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి మీద ఊపిరి ఆడుతుంది. ప్రజ్ఞాపూర్, కుకునూరుపల్లి, దుద్దెడ... ఊళ్లు మారుతుంటాయి కానీ, ఒక దృశ్యం మాత్రం మారదు. చెట్టుకో, గుంజకో వేలాడే పాత టైరు, దాని మీద తెల్లరంగుతో ‘పంక్చర్’ అన్న అక్షరాలు, పక్కనే కంప్రెషర్, నీళ్ల తొట్టి. ఏ రాత్రివేళ బండి ఆగినా ఎవరో ఒకరు మంచం మీంచి లేచి వస్తారు. నూరు కిలోమీటర్ల దారికి కాపలాదారులు వాళ్లే!

మా అక్కాబావలు ఉండేది సిద్దిపేటలోనే. బావకి ఓ అవెంజర్ బైకు ఉంది. ఉద్యోగరీత్యా రోజూ దుబ్బాక, చిన్నకోడూరు, నంగునూరు తిరగాలి. వెనక టైరు ఊరికే అరిగిపోతోందని ఆయన బాధ. నేను వెళ్లేసరికి దానికో ఉపాయం సిద్ధంగా ఉంది.

“దీని ఎనుక చక్రం 15 అంగుళాలు బామ్మర్దీ. కారు టైర్లల్ల గా సైజు బోలెడు దొరుకుతయి. కారుది ఏసుకుంటే నాలుగేండ్లు మళ్ల చూసే పనిలేదు” అంటూ ఎవరో తెలిసినాయన ఇచ్చిన కారు టైరును నా ఒళ్లో పెట్టి బండి తీశాడు.

దుకాణం పెద్దాయన టైరును అటూ ఇటూ తిప్పి చూశాడు. కిందపెట్టి అడిగాడు.

“ఎక్కియ్యమంటే ఎక్కిస్త సారూ. గని గాలెంత వెట్టాలె?”

“కారుకు ముప్ఫై వెడ్తరు గద, గంతే.”

“గా ముప్ఫై కారు బరువుకు. మీ బండి కారు కాదు గద!” అని నవ్వి, ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. “ఎనుక ఎవరు కూసుంటరు?”

“మా ఇంటామె. ఒక్కోసారి పిల్లగాడు.”

పెద్దాయన టైరును గోడకు ఆనించేశాడు. “అయితే నేను ఎక్కియ్య.”

అరచేయంత ఆధారం

బావ ఒప్పుకోలేదు. రెండు టైర్ల పక్కలున్న అంకెలు చూపించాడు. బైకు టైరు మీద 66, కారు టైరు మీద 82. ఇవి బరువు గుర్తులు. 66 అంటే ఆ టైరు 300 కిలోల దాకా మోస్తుంది. 82 అంటే 475 కిలోలు. “ఎక్కువ మోసేది మంచిదే గద?” అన్నది బావ వాదన. వినడానికి బాగానే ఉంది. తిరకాసంతా అక్కడే ఉంది.

బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. 30 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 2 కిలోల పైచిలుకు ఒత్తిడి. ఇద్దరు ఎక్కినప్పుడు బైకు వెనక చక్రం మీద 200 కిలోలు పడ్డాయనుకుందాం. లెక్కేస్తే ఆ చక్రం నేలను తాకేది సుమారు 95 చదరపు సెంటీమీటర్ల మేర. అంటే మన అరచేయంత! అదే నలుగురు ఎక్కిన చిన్న కారైతే ఒక్కో చక్రం మీద 300 కిలోల దాకా పడుతుంది. కారు టైరులో గాలి కొలత ఆ బరువును బట్టి నిర్ణయించింది.

అంతే గాలితో ఆ టైరును బైకుకు వేస్తే బిర్రుగా ఉండిపోతుంది. పోనీ, గాలి తగ్గిద్దామా? మరీ తగ్గిస్తే టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి. అంచు రిమ్ము మీద నుంచి జారే ప్రమాదమూ ఉంది. పైగా కారు రిమ్ము అంచు, బైకు రిమ్ము అంచు ఒకే కొలతలో ఉండవు. అంచు కూర్చోవడం లేదని గాలి బలంగా కొడుతూ పోతే, టైరు పేలి పక్కనున్న మనిషి ప్రాణానికే ముప్పు.

అన్నిటికంటే పెద్ద చిక్కు మలుపులో వస్తుంది. బైకు టైరు గుండ్రంగా ఉంటుంది, బండి ఒరిగితే తనూ ఒరుగుతుంది. కారు టైరు పీటలా చదును. ఒరిగితే అంచు మీద నిలబడాల్సిందే.

అమెరికాలో గోల్డ్‌వింగ్ లాంటి భారీ బైకుల మీద దూరప్రయాణాలు చేసేవాళ్లలో కొందరు కారు టైర్లు వేసుకుంటారు. ఆ పనికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘డార్క్ సైడ్’. గాలి ఎంత ఉండాలన్న విషయంలో వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. ఉండదు కూడా. కారు తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్న అంకె ఈ బరువుకు కాదు. బైకు పుస్తకంలోని అంకె ఈ టైరుకు కాదు. మూడో పుస్తకం ఎవరూ రాయలేదు!

ఒరగని బండి

“మరి ఎడ్ల బండ్లకు టైర్లు ఏస్తలేరా?” బావ చివరి అస్త్రం తీశాడు.

నిజమే. మన పల్లెల్లో డన్‌లప్ బండి తెలియనివాళ్లుండరు. ఆ పేరు వెనకున్న జాన్ బాయ్డ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపుల్లేకుండా నడవాలని చేసిన గాలి టైరుకు 1888లో పేటెంటు పొందాడు. ఆ టైరే తర్వాత మన ఎడ్ల మెడ మీద భారం తగ్గించింది. అయితే ఎడ్ల బండి మలుపులో ఒరగదు. ‘షోలే’లో జై, వీరూ తిరిగినలాంటి సైడ్‌కార్ బండీ ఒరగదు. అందుకే విదేశాల్లో సైడ్‌కార్ బండ్లకు కారు టైర్లు వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. రెండు చక్రాల బండి సంగతి వేరు. ఒరిగితేనే అది తిరుగుతుంది.

పైగా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తోంది. రేపు ఏదైనా జరిగితే బీమా దగ్గరా పేచీయే.

బావ మౌనంగా బండి సొంత సైజు టైరే కొన్నాడు. పెద్దాయన బిగిస్తూ చెప్పిన జాగ్రత్తలు మనందరికీ పనికొచ్చేవే. గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించుకోవాలి. వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే గేజిలో దాదాపు ఒక అంకె పెరుగుతుంది. ఎండలో తిరిగొచ్చిన టైరులో గాలి ఎక్కువైందని తీసేస్తే, తెల్లారేసరికి తక్కువవుతుంది. ఒక్కరికి ఒక కొలత, ఇద్దరికి ఇంకో కొలత. రెండూ బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటాయి. మనమే తెరవం.

మర్నాడు తెల్లవారుజామున అక్కాబావలు రంగనాయకసాగర్ చూసొద్దామని బయల్దేరారు. 2020లో గోదావరి నీళ్లు చేరినప్పటి నుంచి చంద్లాపూర్ దగ్గరి ఆ కట్ట సిద్దిపేట వాళ్లకు షికారు చోటైపోయింది. మేనల్లుడిని ఎక్కించుకుని నేను అక్క స్కూటీ మీద వెనకే ఉన్నాను. బావ బండి మళ్లీ ఆ దుకాణం ముందే ఆగింది. పెద్దాయన పైపు చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి ఆయన అడగలేదు.

“ఇద్దరం పెద్దాయనా” అన్నాడు బావే.

అక్కకు ఆ మాట అర్థం కాలేదు. చీరకొంగు సర్దుకుని, బావ భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.