ప్రశ్న ఉత్పన్నం కాదు

9 నవంబరు 2025, ఆదివారం
ఖిల్లా ఘణపూర్

ఇల్లు చేరేసరికి రాత్రి పదయింది. కోస్తాలో చుట్టాల పెళ్లి చూసుకుని వస్తూ దారిలో మా బావను అక్కడి చిన్న విమానాశ్రయంలో దించాం. ఆయన మోకాళ్లకు బస్సు పడదు. ఏ ఊరి విమానాశ్రయమో ఇక్కడ రాయను. మేం అక్కడున్నది ఇరవై మూడు నిమిషాలు. బయటికొచ్చే గేటు దగ్గర పార్కింగుకు ఎనభై రూపాయలన్నారు. ఎన్ని నిమిషాలు ఉచితమో, ఆపైన ఎంతో రాసిన బోర్డేదీ నా కంట పడలేదు. "రేటెక్కడుంది బాబూ?" అని అడిగితే ఆ పిల్లాడు చేతిలోని మిషన్ చూపించాడు. వెనక హారన్లు. "ఇచ్చేయ్ మామా, గా పిలగాన్నేం అడుగుతవు, వానికేం ఎరుక" అన్నాడు మేనల్లుడు. అదీ నిజమే. ఇచ్చేశాను. చీటీ జేబులో పెట్టుకున్నాను.

11 నవంబరు, మంగళవారం

చీటీని జిరాక్స్ తీయించాను. "మంచి పని చేసిన్రు సారూ, గీ కాయితం మీద అచ్చు నిలువది, రెండు నెలలకు తెల్లగైతది" అన్నాడు షాపు కుర్రాడు. "గింత దానికి ఇంత రంధి ఎందుకు మీకు?" అని ఇంట్లో మందలింపు.

రంధి ఎనభై రూపాయల గురించి కాదు. ముప్పై ఒక్కేళ్లు రెవెన్యూలో పనిచేసిన వాణ్ని. అందులో సగం కాలం నా బల్ల మీదికి వచ్చేవి ఎల్‌ఏక్యూలే. అసెంబ్లీలో ఎవరో సభ్యుడు ప్రశ్న వేస్తే హైదరాబాదు నుంచి పాలమూరు కలెక్టరేటుకు, అక్కడి నుంచి మండలాలకు అది జారేది. పైన ఎర్ర సిరాతో 'జరూరు' అని ఉండేది. మధ్యాహ్నం మూడింటికి ఫోను, సాయంత్రం ఐదుకు లెక్క కావాలనేవారు. మండలాలు నోటితో చెప్పిన అంకెలను కూడి పంపేవాళ్లం. ఎవరూ పలకకపోతే ఆ మండలం 'నిల్'.

జవాబు రాయడం ఒక విద్య. (ఎ) ఫలానాది జరిగిన మాట వాస్తవమేనా? లేదండీ. (బి) అయితే ఆ వివరాలేమిటి? ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. (ఎ)కి లేదంటే చాలు, (బి), (సి), (డి) వరసగా వాటంతట అవే రాలిపోతాయి. ఈ కిటుకు నాకు నేర్పిన సూపరింటెండెంటు ఇప్పుడు లేరు. నా తర్వాతి వాళ్లకు నేనే నేర్పాను.

15 నవంబరు, శనివారం

పేపర్లో లోపలి పేజీలో చిన్న వార్త. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే అయింది, దాని నియమాలు ఇప్పుడు నోటిఫై చేశారట. దాంతోపాటే సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) మారిపోయింది. వ్యక్తిగత సమాచారం అయితే ఇక ఇవ్వనక్కర లేదు, అంతే. పాత క్లాజు చివర ఒక వాక్యం ఉండేది. పార్లమెంటుకు గానీ రాష్ట్ర శాసనసభకు గానీ కాదనలేని సమాచారాన్ని ఏ మనిషికీ కాదనకూడదని. క్లాజుతో పాటు ఆ వాక్యమూ పోయింది.

అది ఆ ఒక్క క్లాజుకేనా, మొత్తం సెక్షనుకా అన్న తగవు మొదటి నుంచీ ఉంది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే 8(2) ఇంకా ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఆ 'ఎక్కువ'ను తూచేది ఆఫీసరు తక్కెడలో. 2005 అక్టోబరు 12న చట్టం అమల్లోకి వచ్చాక మా ఆఫీసుకొచ్చిన ట్రైనింగు సారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి వినిపించాడు. ఎమ్మెల్యే అడిగితే పరుగెత్తుతాం, మల్లయ్య అడిగితే రేపు రమ్మంటాం, ఇకపై ఇద్దరూ ఒకటే అన్నాడు. మేం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే బాగోలేదు.

17 నవంబరు, సోమవారం

ఆ ఎనభై రూపాయల మీద సమాచార హక్కు అర్జీ పెట్టాను. మన రాష్ట్ర రూల్సులో ఊరి స్థాయి ఆఫీసుకైతే ఫీజే లేదు, మండలానికి ఐదు, ఆపైన పది. విమానాశ్రయం కేంద్రం కిందిది కాబట్టి పది రూపాయల పోస్టల్ ఆర్డరు. నాలుగు ప్రశ్నలే: పార్కింగు కాంట్రాక్టు ప్రతి, ఆమోదించిన రేట్ల పట్టిక, ఉచిత నిమిషాలెన్ని, రేట్ల బోర్డు ఎక్కడ పెట్టాలని ఒప్పందంలో ఉంది. అసలు ఇలాంటివి అడగకముందే బయట పెట్టమని నాలుగో సెక్షను చెబుతుంది. పార్కింగు చీటీ ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు, కొత్త సవరణ దీన్ని తాకదు. తాకేదేమైనా ఉంటే 8(1)(డి), వ్యాపార రహస్యం.

23 నవంబరు, ఆదివారం

పొద్దున ఖిల్లా గుట్ట సగం ఎక్కి ఆగాను, వయసు. కింద గణపసముద్రం మీద మంచు. ఈ కోట కట్టిన గోన గణపారెడ్డి కాకతీయుల సామంతుడు. ఆ కాకతీయ గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. చందనానికెంత, కర్పూరానికెంత, ముత్యాలకెంత, మిరియాలకెంత సుంకమో రాతి మీద చెక్కించి, ఓడ దిగే పరదేశి వర్తకుడికి కనబడేట్టు నిలబెట్టాడు. దయతో కాదు, వ్యాపారం కోసమే. అయినా రేటు ముందే తెలిసేది.

సాయంత్రం అబర్డీన్ నుంచి అల్లుడు ఫోను చేస్తే ఈ గొడవంతా చెప్పాను. నవ్వి, వాళ్ల కథ చెప్పాడు. స్కాట్లండ్ ఉత్తరాన కిర్క్‌వాల్, స్టోర్నొవే, సంబరా విమానాశ్రయాల్లో కార్లకు రోజుకు మూడు పౌండ్లు పెడతామని 2018లో ప్రకటిస్తే దీవుల జనం భగ్గుమన్నారట. దీవి నుంచి పెద్దాసుపత్రికి పోవాలన్నా విమానమే మరి. వాళ్ల సభ్యులు ఎడిన్‌బరో పార్లమెంటులో మంత్రిని నిలదీశారు. ఆ కంపెనీ ప్రభుత్వానిదే. పేరు పొడి అక్షరాల్లో హెచ్‌ఐఏఎల్. మన శంషాబాద్ కంపెనీకీ మొదట్లో అవే అక్షరాలు! అక్కడి సర్కారుకు వందకు వంద వాటా, ఇక్కడ తెలంగాణకు పదమూడు.

2 డిసెంబరు, మంగళవారం

నిన్న పార్లమెంటు మొదలైంది. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తున్నవి ఇరవై, లేనివి రెండు వందల ముప్పై. పదిహేను రోజుల ముందు నోటీసు, ఆపైన లాటరీ. మా నాగర్‌కర్నూల్ ఎంపీకి ఒక కార్డు రాద్దామా అనుకున్నాను. విమానయాన మంత్రి కూడా మన శ్రీకాకుళం ఆయనే. కానీ జవాబు నేను ఇక్కడ కూర్చునే రాయగలను.

విమానాశ్రయాల రేట్లను చూడడానికి 2008 చట్టం ఒక సంస్థను పెట్టింది, ఏరా అంటారు. అది లెక్కగట్టే సేవల్లో పార్కింగు ఉంది. ఎవరి పార్కింగు? విమానానిది. కారుది కాదు! రెక్కలున్న దాన్ని నిలిపితే ఎంతో ఢిల్లీలో విచారణ జరిపి తేలుస్తారు, చక్రాలున్న దానికి మాత్రం కాంట్రాక్టరు నోట ఎంత వస్తే అంత. పైగా ఏరా చేతిలో ఉన్నవి పెద్ద విమానాశ్రయాలే. 2019లో ఆ 'పెద్ద' కొలతను ఏడాదికి పదిహేను లక్షల ప్రయాణికుల నుంచి ముప్పై ఐదు లక్షలకు పెంచారు. బావను దించిన చోటు లాంటి చిన్నవి దాని గడపే తొక్కవు.

రేపు మన పక్కనే దేవరకద్రలో విమానాశ్రయం కడతారంటున్నారు. తెలంగాణలో పరిశీలించిన ఆరు చోట్లలో అదొకటి. శంషాబాద్ ఒప్పందంలో నూట యాభై కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకుండా అడ్డు ఒకటుంది కాబట్టి, వరంగల్ దగ్గరి మామునూరుకు ఇచ్చినట్టు దీనికీ అనుమతి కావాలి. అది వచ్చాక మన పల్లి రైతు దుబాయికి పోయే కొడుకును అక్కడే దించుతాడు. గేటు దగ్గర ఎనభై ఇస్తాడు.

7 డిసెంబరు, ఆదివారం

ఇండిగో విమానాలు వందల్లో ఆగిపోయి టికెట్లు ఆకాశానికెక్కితే నిన్న కేంద్రం గరిష్ఠ ధరలు కట్టింది. ఐదు వందల కిలోమీటర్ల లోపు ఏడున్నర వేలు, వెయ్యి లోపు పన్నెండు వేలు, అలా. టికెట్ల ధర మార్కెట్టుది, మా చేతిలో లేదని ఏళ్ల తరబడి విన్నాం. ఒక్క శనివారంలో చేతికి వచ్చింది. పోయినేడు కూడా అంతే. రాజ్యసభలో రాఘవ్ చడ్ఢా విమానాశ్రయాల్లో చాయ్, నీళ్ల ధరల గురించి అడిగాక, డిసెంబరులోనే కోల్‌కతాలో చౌక క్యాంటీన్ తెరిచారు. అడిగేవాడు లోపల ఉంటే కదులుతుందన్న మాట. బయట ఉన్నవాడికి పోస్టల్ ఆర్డరు.

16 డిసెంబరు, మంగళవారం

ఇరవై తొమ్మిదో రోజు. పోస్ట్‌మ్యాన్ కవరిచ్చాడు. పంచాయతీ ఎన్నికల కరపత్రాల మధ్య దాదాపు పారేసేవాణ్ని.

ఒకటో ప్రశ్నకు: మూడో పక్షం వాణిజ్య సమాచారం, ఇవ్వలేం. రెండోదానికి: రేట్లను సంబంధిత ఏజెన్సీ ప్రదర్శిస్తున్నది. మూడోదానికి: పై జవాబు చూడండి. అప్పీలుకు ముప్పై రోజుల గడువు, అధికారి చిరునామా, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. వంకపెట్టలేని డ్రాఫ్టు. రాసిన గుమస్తాకు చేయి తిరిగింది.

బోర్డు ఎక్కడ పెట్టాలన్నది నాలుగోది. దానికి ఇంగ్లీషులో మూడే మాటలు. తెలుగులో ఆ వాక్యాన్ని నేను ఎన్ని వందల సార్లు రాసి ఉంటానో! ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.

కళ్లద్దాలు తుడుచుకుని అప్పీలు మొదలుపెట్టాను.