ఏ పేరు బయటికి పోవాలి, ఏది లోపల ఉండాలి



చీరాల, బాపట్ల చుట్టుపక్కల చదువుకుంటున్న ఎరుకల, యానాది, సుగాలి పిల్లలం కొంతమందిమి ఆదివారాలు వాడరేవులో సరుగుడు చెట్ల కింద కూర్చుని ఒక పని చేస్తున్నాం. మన ఇళ్లల్లో పెద్దోళ్లు మాట్లాడే మాటలు పోగేసి, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ వెతుక్కునేలా నిఘంటువు కడుతున్నాం. ఎరుకలవాళ్లు కుర్రు బాస మాటలు, సుగాలివాళ్లు గోర్ బోలి మాటలు, యానాదివాళ్లు ఉప్పుటేళ్ల దగ్గర వాడే పీతల పేర్లు, చేపల పేర్లు రాస్తున్నారు. ఈ పోస్టు ఆ మాటలను వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ గురించి. డిప్లొమా, బీటెక్ చదివేవాళ్లకి నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్లు కూడా చివరిదాకా చదవండి. ఇందులో తేల్చాల్సిన సంగతి కోడ్ రాసేవాళ్లు ఒక్కళ్లే తేల్చేది కాదు.

షేర్డ్ లైబ్రరీ అంటే చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్ కట్ట. లినక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో దాని ఫైలు పేరు చివర డాట్ ఎస్‌ఓ అని ఉంటుంది, విండోస్‌లో డీఎల్‌ఎల్. లోపలున్న ప్రతి ఫంక్షన్‌కీ ఒక పేరుంటుంది. ఆ పేరునే సింబల్ అంటారు. బయటి ప్రోగ్రాములు పిలవగలిగే పేర్ల జాబితా లైబ్రరీతో పాటే పోతుంది. ఆ జాబితాలో ఉన్నవి ఎక్స్‌పోర్ట్ అయిన సింబల్స్.

చిక్కంతా ఇక్కడే ఉంది. లినక్స్‌లో మనం ఏమీ చెప్పకుండా లైబ్రరీ కడితే, స్టాటిక్ అని రాయని ప్రతి ఫంక్షనూ బయటికి పోతుంది. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో కడితే దీనికి తిరగేసి ఉంటుంది, మనం చెప్తే తప్ప ఏదీ పోదు. మా నిఘంటువుకి బయట కావలసినవి నాలుగే: తెరవడం, వెతకడం, అర్థం ఇవ్వడం, మూసెయ్యడం. కట్టిన ఫైలు మీద ఎన్‌ఎం అనే కమాండ్‌ని, పక్కన హైఫన్, పెద్ద డి పెట్టి నడిపితే పేర్లు పేజీలకొద్దీ వచ్చాయి. అక్షరాలు సర్దే ఫంక్షన్లు, ఫైలు చదివే ఫంక్షన్లు అన్నీ వీధిలోనే ఉన్నాయి.

ఉంటే ఏం పోయింది అనొచ్చు. రెండు పోతాయి.

మొదటిది, పేర్లు గుద్దుకుంటాయి. కుర్రు జట్టు లైబ్రరీలోనూ గోర్ బోలి జట్టు లైబ్రరీలోనూ మాటను శుభ్రం చేసే ఫంక్షన్‌కి ఒకటే పేరు ఉంది. ఒకటి మాట చివరి గుర్తులను కోసేస్తుంది, ఇంకోటి వాటిని జాగ్రత్తగా ఉంచుతుంది. ఎవరి బాసకి వాళ్లది సరైనదే. కానీ రెండూ ఒకే ప్రోగ్రాములోకి లోడైనప్పుడు, లినక్స్ వెతికే వరుసలో ముందున్న లైబ్రరీలోని పేరే ఇద్దరికీ దక్కుతుంది. రెండో లైబ్రరీ తన సొంత ఫంక్షన్‌ని పిలిచినా పక్కింటోడి ఫంక్షనే పలుకుతుంది. ఎర్రర్ రాదు. కుర్రు మాట కొడితే దొరకదు, అంతే. నిఘంటువులో ఉన్న మాటే లేదని చెప్తుంది. మన బాసలకి ఇంతకంటే నష్టం ఏముంటుంది?

రెండోది, బయటికి పోయిన పేరు ఒక మాట ఇచ్చినట్టు. ఎవరో ఒకరు దాన్ని వాడుకుంటారు. రేపు మనం దాన్ని తీసేస్తే వాళ్ల ప్రోగ్రాము ఆగిపోతుంది. ఆండ్రాయిడ్‌లో జరిగిందే చూడండి. ఆండ్రాయిడ్ 6లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తీసి బోరింగ్‌ఎస్‌ఎస్‌ఎల్ పెట్టారు. ఫోన్ లోపలి లైబ్రరీని చాటుగా వాడుకుంటున్న యాప్‌లు దెబ్బతిన్నాయి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి, బయటివాళ్లకని ప్రకటించని సిస్టమ్ లైబ్రరీలను యాప్‌లు నేరుగా పట్టుకోకుండా అడ్డం పెట్టారు.

మంచి ఉదాహరణ మనందరి ఫోన్లలోనే ఉంది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్‌లలో తెలుగు గుణింతాలను, ఒత్తులను సరైన చోట కూర్చోబెట్టేది హర్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. పారసీలో హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. అది బయటికిచ్చే ఫంక్షన్ల పేర్లు హెచ్‌బీ అండర్‌స్కోర్‌తో మొదలవుతాయి. వేరే పేరేదైనా పొరపాటున బయటపడిందేమో చూసే పరీక్ష కూడా ఆ ప్రాజెక్టులోనే ఉంది. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చే పెద్ద పనంతా లోపలే జరుగుతుంది. అందుకే ఆ లోపలి పనిని వాళ్లు ఎన్నిసార్లు తిరగరాసినా మన యాప్‌లు చెడవు.

ఇక ఎలా చెయ్యాలో చెప్తాం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాం గానీ టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. జీసీసీ కంపైలర్‌లో 4.0 నుంచి, అంటే 2005 నుంచి, ఎఫ్‌విజిబిలిటీ ఈక్వల్స్ హిడెన్ అనే ఆప్షన్ ఉంది. అది పెడితే అన్నీ లోపలే ఉండిపోతాయి. తర్వాత బయటికి పంపాల్సిన ప్రతి ఫంక్షన్ ముందూ విజిబిలిటీ డిఫాల్ట్ అనే గుర్తు పెట్టాలి. క్లాంగ్ కంపైలర్‌లో కూడా ఇదే పద్ధతి. ఇంకో దారి, లింకర్‌కి వెర్షన్ స్క్రిప్ట్ ఇవ్వడం. అందులో గ్లోబల్ కింద మన నాలుగు పేర్లు, లోకల్ కింద ఒక్క స్టార్ గుర్తు. అంటే ఈ నాలుగు తప్ప మిగతావన్నీ ఇంట్లోనే. సీ ప్లస్ ప్లస్ వాడేవాళ్లు ఆ నాలుగింటినీ ఎక్స్‌టర్న్ సీ లో పెట్టండి, లేకపోతే కంపైలర్ పేర్లకి తోకలు తగిలిస్తుంది. కట్టాక ఎన్‌ఎం తో మళ్లీ జాబితా చూడండి. మిరప కల్లంలో కాయ ఏరినట్టు ఒక్కో పేరూ చూడండి. అయితే లోపల ఉంచినవి తాలు కాయలు కావు. పనంతా చేసేవి అవే. వాటిని రేపు మార్చుకునే స్వేచ్ఛ మనకుండాలని లోపల పెడుతున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. యానాది పెద్దోళ్లు కొందరు చెట్ల మందుల మాటలు చెప్పారు. చెప్పి, ఇవి ఊరికే అందరికీ పోకూడదురా అన్నారు. మా జట్టులో ఒకరు, హిడెన్ పెడితే సరిపోతుంది కదా అన్నారు. సరిపోదు. హిడెన్ అంటే తాళం కాదు. ఆ పేరుతో బయటి ప్రోగ్రాము పిలవలేదు, అంతవరకే. ఫైల్లో మామూలుగా రాసిపెట్టిన మాటలు స్ట్రింగ్స్ అనే చిన్న కమాండ్ కొడితే బయటికొచ్చేస్తాయి. దాచాలనుకున్నది ఆ ఫైల్లో అసలు ఉండకూడదు. పెద్దోళ్లు వద్దన్న మాటలను మేం లైబ్రరీలో పెట్టలేదు. అవి ఎవరి ఇంట్లో పుట్టాయో ఆ ఇంటి నోటు పుస్తకంలోనే ఉన్నాయి.

దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1871లో మొదట తెచ్చి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేసిన నేరస్థ జాతుల చట్టం మన తాతల పేర్లను రిజిస్టర్లలోకి ఎక్కించింది. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు. మాకు దగ్గర్లోనే ఉన్న స్టూవర్టుపురం, 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఎరుకలవాళ్ల సెటిల్‌మెంటుగా మొదలైంది. ఆ చట్టం దేశమంతటా పూర్తిగా పోయింది 1952లోనే. ఏ పేరు జాబితాలో ఉండాలో అప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. లైబ్రరీ జాబితా చిన్నదే, దానికీ దీనికీ పోలికే లేదు. అయినా జాబితా రాసే పెన్ను మన చేతికొచ్చినప్పుడు, కంపైలర్ దానంతటది రాసేదాకా ఎందుకు వదిలెయ్యాలి?

అందుకని ఒక మనవి. మీరు కూడా మీ ఊళ్లో ఇలాంటి పని పెట్టుకుంటే, కోడ్ మొదలుపెట్టకముందే కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటిది బయటికి ఇచ్చేది, రెండోది లోపల ఉంచుకుని మార్చుకునేది, మూడోది అసలు పెట్టనిది. మొదటి రెండూ కోడ్ రాసేవాళ్లు నింపుకోవచ్చు. మూడో గడి మాత్రం మీ అవ్వ, మీ తాత, మీ పెద్దమ్మ పక్కన కూర్చుని, వాళ్లు చెప్తుంటే నింపండి.