పాత పెట్టె – క్రొత్త కార్డు

పాత వస్తువును పారవేయక బాగుచేసి వాడుకోవడం మన ఇళ్ళలో తరతరాల ఆచారం. తండ్రి షేర్వానీ కుమారునికి సద్రీ అవుతుంది. విరిగిన మంచపు చెక్క గోడకు అలమర అవుతుంది. నేటి యువకుల చేతిలో ఈ ఆచారం కంప్యూటరు దాకా వచ్చినది. కార్యాలయాలు వాడి విడిచిన కంప్యూటరును చౌకగా కొని, దానిలో గ్రాఫిక్స్ కార్డు అమర్చి, ఆటలు ఆడుకోవాలని మన విద్యార్థులలో అనేకుల కోరిక. ఇది ఉత్త వ్యసనమని కొట్టివేసే పెద్దలతో మేము ఏకీభవించము. ఆటకు కూడా లెక్క ఉండవలెనన్నదే మా అభిప్రాయం.

మా ఇంట ఉన్న కంప్యూటరు అటువంటిదే. 2013లో వెలువడిన ఇంటెల్ నాలుగవ తరం ఐ5 ప్రాసెసరు, 4 జీబీ మెమరీ, 240 వాట్ల పవర్ సప్లై దాని సంపత్తి. పగలు మా చెల్లెలు దానిపైనే ఉర్దూ, తెలుగు శుభలేఖలు కూర్చి ఇచ్చి తన చదువుకు ఫీజు సంపాదించుకుంటుంది. రాత్రి అది తమ్ముని వశం. రెండు పండుగల ఈదీ, సెలవులలో దుకాణంలో పనిచేసిన జీతం కూడబెట్టి అతడు ఆర్‌టీఎక్స్ 3060 కార్డు కొనదలచాడు. ఏ పెట్టెలోనైనా అది నడుస్తుందని ఒక వర్తకుడు భరోసా ఇచ్చాడట.

“నడవకపోతే పోయేది నా డబ్బే కదా, భయ్యా!” అన్నాడు.

“నీ డబ్బుతో పాటు ఆపా ఫీజు కూడా పోతుంది” అన్నాము.

ఈ మాటకు కారణం విద్యుత్తు. 2021లో వచ్చిన ఆ కార్డు ఒక్కటే 170 వాట్లు కోరుతుంది. దానికి 550 వాట్ల పవర్ సప్లై ఉండవలెనని తయారీదారులే సూచించారు. మదర్‌బోర్డుపై కార్డును గుచ్చే స్లాటు 75 వాట్లకు మించి ఇవ్వదు. ఆపైన కావలసినది పవర్ సప్లై నుండి వేరే తీగ ద్వారా రావాలి. ఆరు పిన్నుల తీగ 75 వాట్లు, ఎనిమిది పిన్నులది 150 వాట్లు అందిస్తుంది. కార్యాలయపు కంప్యూటర్లలో చాలావాటికి ఈ తీగలే ఉండవు. మార్పిడి తీగలతో బలవంతంగా కలిపితే అవి వేడెక్కి కరిగిపోయే ప్రమాదం ఉన్నది. పవర్ సప్లైనే మార్చుదామంటే, కొన్ని కంపెనీల పెట్టెలలో దాని ఆకారం, పిన్నుల అమరిక ప్రత్యేకంగా ఉండి బజారులో దొరికేది సరిపడదు.

విద్యుత్తు కుదిరినంత మాత్రాన పని ముగియదు. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6400 కార్డుకు 53 వాట్లు చాలు. వేరే తీగ అక్కరలేదు. కాని అది నాలుగు లేన్ల దారినే వాడుకుంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 స్లాటులో ఆ దారి చాలినంత వెడల్పు, పాత 3.0 స్లాటులో సగమైపోతుంది. ప్రాసెసరు సంగతి మరొకటి. బొమ్మను గీసేది కార్డే అయినా, ఏది ఎక్కడ గీయాలో చెప్పేది ప్రాసెసరు. చెప్పేవాడు ఆలస్యం చేస్తే గీసేవాడు చేతులు ముడుచుకొని కూర్చుంటాడు. ఆటలో రిజల్యూషను తగ్గించినా వేగం పెరగకపోతే, లోపం చాలావరకు ప్రాసెసరుదే అని గ్రహించవచ్చు.

తెరను కూడా మరువరాదు. 1920×1080 తెరపై దాదాపు 20 లక్షల 73 వేల చుక్కలు ఉంటాయి. సెకనుకు 60 బొమ్మలంటే 12 కోట్లకు పైగా చుక్కలకు రంగు నిర్ణయించాలి. మా ఇంటి తెర 1366×768 మాత్రమే. చుక్కలు అందులో సగం. అంతటి చిన్న తెరకు అంతటి పెద్ద కార్డు దేనికి?

ఈ లెక్కలన్నీ కాగితంపై వేసిన పిమ్మట తమ్ముడు తానే మనసు మార్చుకున్నాడు. 2019 నాటి జీటీఎక్స్ 1650 రకంలో, వేరే తీగ అడగని 75 వాట్ల కార్డును పాతది కొన్నాడు. అదే పేరుతో ఆరు పిన్నుల తీగ కోరేవి కూడా ఉన్నాయి కనుక కార్డు అంచును స్వయంగా చూసి తీసుకున్నాడు. మిగిలిన డబ్బుతో మెమరీని 8 జీబీకి పెంచాడు. ఇప్పుడు అతని ఆటా సాగుతున్నది, చెల్లెలి శుభలేఖలూ త్వరగా తెరుచుకుంటున్నాయి.

పాత కార్డు కొనేవారికి ఒక హెచ్చరిక. 2021లో క్రిప్టో నాణేల గణనకై కార్డులను రాత్రింబవళ్ళు నడిపారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకోగా అటువంటివి ఎన్నో అమ్మకానికి వచ్చాయి. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో కొన్నా, మీ ఊరి దుకాణంలో కొన్నా, కనీసం అరగంట ఆట నడిపించి చూడనిదే డబ్బు చెల్లించవద్దు. ఇంటికి తెచ్చి బిగించేటప్పుడు ప్లగ్గు తీసివేసి, పెట్టె లోహాన్ని చేతితో తాకి, ఆ తరువాతనే కార్డును పట్టుకోండి. తెర తీగను మదర్‌బోర్డుకు కాక క్రొత్త కార్డుకే కలపండి.

ఉర్దూలో చాదర్ అనండి, తెలుగులో దుప్పటి అనండి, దాని పొడవు చూసుకొనే కాళ్ళు చాపాలని రెండు భాషల పెద్దలూ చెప్పారు. విద్యార్థి మిత్రులారా! కాళ్ళు చాపవద్దని వారు అనలేదు. కనుక బజారుకు వెళ్ళే ముందు మీ పెట్టె మూత తెరిచి, పవర్ సప్లైపై అంటించిన చీటీని ఒకసారి చదవండి.