ఫోర్ ట్వంటీ అంటే ఏమిటి మామా?

మా నాయనకు రాజ్‌కపూర్ అంటే ప్రాణం. 1955లో వచ్చిన ‘శ్రీ 420’ కథ ఇప్పటికీ భోజనాల దగ్గర చెబుతాడు. అటువంటి మనిషి గత ఏప్రిల్ 20న, సంతోష్‌నగర్‌లో మా గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, మనవడి వాట్సాప్ స్టేటస్ చూసి గతుక్కుమన్నాడు.

పచ్చటి ఆకు బొమ్మ. దాని కింద ‘హ్యాపీ ఫోర్ ట్వంటీ’!

“ఏందిరా ఇది? పోరడు ఎవరినన్న ముంచిండా?” అన్నాడు.

నవ్వాపుకోలేకపోయాను. ఆయన కాలంలో 420 అంటే మోసగాడు. భారత శిక్షాస్మృతిలో మోసానికి పెట్టిన సెక్షను నంబరు అది. మరి మావాడి లెక్కేమిటి? పిలిచి అడిగాను.

“అందరు పెట్టిన్రు మామా, నేను గూడ పెట్టిన.”

అంతే సుమండీ! అసలు కథ వాడికి నేనే చెప్పాల్సివచ్చింది. 1971లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్ అనే ఊళ్ళో అయిదుగురు హైస్కూలు కుర్రాళ్ళు, ఎవరో వదిలేసిన గంజాయి తోట ఒకటి ఉందని విన్నారు. దాన్ని వెతకడానికి సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకు లూయీ పాశ్చర్ విగ్రహం దగ్గర కలుసుకునేవారు. తోట దొరకలేదు. మాట మాత్రం మిగిలింది! ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ అనే సంగీత బృందం వెంట తిరిగే అభిమానుల నోళ్ళలో నాని, 1991లో ‘హై టైమ్స్’ పత్రికకెక్కింది. ఆ పత్రికకెక్కడానికి ఇరవై ఏళ్ళు పట్టిన మాట, ఇప్పుడు ఒక్క పూటలో ఖండాలు దాటి మా గల్లీలో దిగుతోంది.

దిగితే దిగింది, పోయిందేముంది అంటారా? పోయింది. మావాడు ఆ వారమే ఒక మందుల షాపులో సాయంత్రం పనికి కుదరాల్సింది. షాపాయన దగ్గర వాడి నంబరుంది. మర్నాడు వెళితే, “వద్దులే బాబూ” అన్నాడట. ఆయన 420ని మా నాయనలాగా అర్థం చేసుకున్నాడో, శాన్ రఫేల్ లెక్కలో తీసుకున్నాడో మాకు తెలియదు. ఏదైతేనేం, మందుల షాపుకు రెండూ పనికిరానివే! సిగరెట్ కూడా ముట్టని పిల్లాడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇటువంటి మాటకు బరువుంటుందని మన సినిమావాళ్ళకూ తెలిసొచ్చింది. 2023 అక్టోబరులో సాయి ధరమ్ తేజ్ హీరోగా ‘గాంజా శంకర్’ ప్రకటించారు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ నార్కోటిక్స్ బ్యూరో ఆ పేరు మార్చమని నోటీసిచ్చింది. చివరకు చిత్రమే ఆగిపోయింది. అంతకు ముందు, 2021 అక్టోబరులో, మన నగరంలో పోలీసులు కుర్రాళ్ళను రోడ్డు మీద ఆపి, ఫోన్లలో ‘గంజా’ వంటి మాటల కోసం వెతుకుతున్న వీడియోలు దేశమంతా చూసింది. అలా వెతకడం తప్పని ఎందరో అన్నారు. నేనూ అంటాను. కాని దొరికిన మాట సరదాకి పెట్టిందో కాదో ఫోను చెప్పదు కదా!

ఇంకో చిత్రం వినండి. 2024 జూలై 1 నుంచి మన పాత శిక్షాస్మృతే లేదు. కొత్త న్యాయ సంహితలో మోసానికి సెక్షను 318. అక్కడ తోట దొరకలేదు, ఇక్కడ సెక్షను పోయింది. అయినా 420 మాత్రం నిక్షేపంగా ఉంది! మాట తన పుట్టుకను మరిచిపోయి తిరుగుతుంది. మోసినవాడి గుమ్మంలోనే దిగుతుంది.

స్టేటస్‌కు ఆయుష్షు 24 గంటలే. షాపాయన జ్ఞాపకానికి అటువంటి గడువేమీ లేదు.

నిన్న మావాడు ఏదో కొత్త సినిమా డైలాగు పెట్టబోతూ, ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

“మామా, దీనికి ఇంకేమన్న అర్థమున్నదా?”