బోర్డు మీద రాసుంది కదా

మా తండా దొంతన్‌పల్లి దగ్గర. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. ఇంట్లో మాట్లాడే లంబాడీకి లిపి లేదు. అక్షరాలు అన్నీ బడిలోనే నేర్చుకున్నాను.

మొన్న దసరా సెలవులకు పోతూ మెహదీపట్నంలో బస్సు కోసం నిలబడ్డాము. ఆగి ఉన్న ఒక బస్సును చూపించి ఒక అవ్వ, "బిడ్డా, ఇది చేవెళ్ల బస్సేనా?" అని అడిగింది. నేను స్నేహితురాళ్లతో నవ్వులాటలో ఉన్నాను. "బోర్డు మీద రాసుంది కదా, చూసుకో" అన్నాను. "సదువు రాదు బిడ్డా" అని మెల్లగా అన్నది. అంతలో మా శంకర్‌పల్లి బస్సు వచ్చింది, ఎక్కేశాము. కిటికీలోంచి చూస్తే ఆమె ఇంకొకరిని అడుగుతున్నది.

ఆ రాత్రి మా యాడి, అంటే అమ్మ, రొట్టెలు చేస్తూ "సరైన బస్సే ఎక్కినవా?" అని నవ్వింది. తన సంగతి చెప్పింది. అప్పుడు నేను మూడో తరగతి. యాడి దవాఖాన నుంచి వస్తూ మెహదీపట్నంలో బస్సు తప్పు ఎక్కింది. అక్కడి నుంచి శంకర్‌పల్లికి ఒక రోడ్డు, మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు ఇంకో రోడ్డు. నడుమ గండిపేట చెరువు. (1908లో మూసీకి వరద వచ్చినంక దాన్ని కట్టించారు, 1920లో పూర్తయిందని సోషల్ సారు చెప్పారు.) రోడ్డుకు రెండు దిక్కుల పెద్ద పెద్ద మర్రిచెట్లు కనిపించేసరికి, ఇది మన తొవ్వ కాదని యాడికి తెలిసింది. చీకటి పడింది. చేతిలో పైసలు లేవు. ఏడ్చిందట.

బస్సులో ఖాళీ గంపలతో కూరగాయలు అమ్మే ఒకామె ఉన్నది. యాడిని తన వెంట దింపుకొని ఇంటికి తీసుకుపోయింది. రొట్టె, టమాట తొక్కు పెట్టి పడుకోబెట్టింది. తెల్లవారక ముందే గంపలతో పాటు మళ్లీ మెహదీపట్నం తెచ్చి, టికెట్ పైసలిచ్చి, "ఈమెను దొంతన్‌పల్లిలో దింపు" అని కండక్టరుకు అప్పజెప్పింది. పేరు అడగడం మరిచిన అని యాడి ఇప్పటికీ అంటది. రైతుబజారుకు పోతే గంపల ముందు కూర్చున్న ఆడవాళ్ల మొహాలన్నీ చూస్తది.

9 డిసెంబర్ 2023 నుంచి ఆడవాళ్లకు జీరో టికెట్. పైసల బాధ తీరింది. బోర్డు చదివే బాధ అట్లనే ఉన్నది. మన గేటు కాడ చూడండి, ఆదివారం ఎంతమంది అమ్మలు ఏ గదికి పోవాలో తెలియక నిలబడతారో. నేను ఇప్పుడు పోయి అడుగుతున్నాను.

అవ్వ సంగతి యాడికి ఇంకా చెప్పలేదు. వచ్చే ఆదివారం వస్తది. నా రాత గోడ మీద పెట్టారంటే సంబరపడి, చదివి వినిపించమంటది.