తేజాబ్ ఎక్కడికీ పోలేదు

మామిడికాయ దిగిపోయిన నెలకల్లా మా నూజివీడులో బ్యాటరీల సీజను మొదలవుతుంది. జూన్ దాకా ఈదర, ఆగిరిపల్లి, ముసునూరు తోటల్లో రాత్రీ పగలూ తిరిగిన వ్యాన్లూ ట్రాక్టర్లూ ఒక్కసారిగా షెడ్లలో పడుకుంటాయి. కాపు కొన్న ఆసామి లెక్కలు చూసుకుని, బండి తాళం మేకుకు తగిలించేసి వెళ్లిపోతాడు. మళ్లీ ఏ నిఖాకో, దవాఖానాకో బండి తీయబోతే, తాళం తిప్పగానే టిక్‌మని ఒక్క చప్పుడు. ఆ తరవాత ఖామోషీ.

పని చేసి చేసి అరిగిపోయిన బ్యాటరీల కంటే ఊరికే కూర్చుని పోయినవే తన దగ్గరికి ఎక్కువ వస్తాయని మా ఉస్తాద్ అంటాడు. ఉస్తాద్ అంటే తబలా ఉస్తాద్ కాదు లెండి, బ్యాటరీల ఉస్తాద్. కుర్రతనంలో బెజవాడ ఆటోనగర్‌లో షాగిర్దుగా చేరి, పదేళ్లు తేజాబ్ వాసన పీల్చి, ఊరికి తిరిగొచ్చి రేకుల షెడ్డు వేసుకున్నాడు. తేజాబ్ అంటే ఆసిడ్. ఆయన చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర జల్లెడలా చిల్లులుంటాయి. పండక్కి కొత్త చొక్కా కుట్టించినా అది రెండో ఈద్ చూడదని వాళ్లింట్లో ఫిర్యాదు. షెడ్డుకు బోర్డు లేదు. లోపల బీడీ ముట్టించినవాణ్ణి మాత్రం, పెద్దా చిన్నా లేకుండా, మెడ పట్టి బయటికి నెడతాడు. చార్జింగులో ఉన్న బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, ఒక్క రవ్వ చాలు డబ్బా పేలి తేజాబ్ మొహాన పడడానికి. ఆ సంగతి ఆయన ఏ కితాబులోనూ చదవలేదు, ఆటోనగర్‌లో తోటి కుర్రాడి కన్ను పోవడం చూశాడు.

2020లో మాత్రం బ్యాటరీల సీజను ముందే వచ్చింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. అప్పటికింకా మాది కృష్ణా జిల్లా. మా మామూ ఆ ఏడు పూత మీదే ఒక తోట కాపు కొన్నాడు, బంగినపల్లి కొంత, చిన్న రసాలు ఎక్కువ. ఏటా తోటకు వచ్చి లారీ నింపుకుని పోయే బేపారి ఈసారి రాలేనన్నాడు. బంగినపల్లిని ఎలాగో వచ్చిన రేటుకు వదిలించుకున్నాడు. రసాల సంగతి వేరు. పండిన రసం ఎవరి కోసమూ ఇంతెజార్ చెయ్యదు. మే 4 నుంచి కాస్త సడలింపు ఇచ్చారు. అట్టపెట్టెల్లో పెట్టి తనే హనుమాన్ జంక్షన్ దాకా ఇల్లిల్లూ తిరిగి అమ్ముకుంటానని మామూ లేచాడు. అమ్మీ దగ్గర తీసుకున్న కర్జా కూడా ఆ తోటలోనే ఉంది మరి, నా ఇంజినీరింగ్ ఫీజు కోసం దాచిన పైసలు.

మామూ మారుతి ఓమ్ని అప్పటికి నలభై అయిదు రోజులుగా దొడ్లో నిలబడి ఉంది. తాళం తిప్పితే ఆ టిక్ కూడా అనలేదు.

ఇక్కడ చిన్న హిసాబ్ చెప్తాను, వినండి. బండి ఆపేసినా అందులో ఏదో ఒకటి మేలుకునే ఉంటుంది, గడియారమో, పాటల డబ్బా జ్ఞాపకమో, దొంగల అలారమో. మామూ బండికి అలారం ఉంది. అన్నీ కలిపి ముప్పై మిల్లీ ఆంపియర్లు తాగాయనుకోండి. గంటకు అది ఏమీ కాదు. రోజుకు 0.72 ఆంపియర్ అవర్. బ్యాటరీ మొత్తం 35. నలభై ఎనిమిది రోజుల్లో ఖాళీ. దానికి మా ఎండలు తోడు. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను చార్జి పోగొట్టుకునే వేగం దాదాపు రెట్టింపవుతుంది. బానెట్ కింద మే నెల ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

మీటరు పెడితే 7.8 వోల్టులు చూపించింది. నిండు బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి. 12.2 అంటే సగం. 11.8కి దిగిందంటే ఇక ఖాళీ కింద లెక్క. 7.8 అంటే ఖాళీ అయ్యాక కూడా పీల్చిపిప్పి చేశారన్నమాట.

కొత్తది కొందామంటే బ్యాటరీ దుకాణాలు ఇంకా మూతే. ఎదురింటి కుర్రాడు తన ఆటోమేటిక్ చార్జరు తెచ్చాడు, తగిలిస్తే ఎర్ర లైటు వెలిగి ఊరుకుంది. ఈ తెలివైన చార్జర్లతో వచ్చిన చిక్కే ఇది. అవతల కనీసం కొన్ని వోల్టులుంటేనే అక్కడో బ్యాటరీ ఉందని ఒప్పుకుంటాయి, మరీ దిగిపోయినదాన్ని తాకను కూడా తాకవు. మామూ ట్రాక్టరు నుంచి తీగలు వేసి స్టార్ట్ చేసేద్దాం అన్నాడు. "ఇంజను తిరిగితే అదే చార్జి అయిపోతుంది కదా!"

ఉస్తాద్ మాస్కు గడ్డం కిందికి లాక్కుని వచ్చాడు. మూతలు తిప్పి ఆరు గదుల్లోకీ టార్చి వేసి చూశాడు. గాజు గొట్టంతో ఒక్కో గదిలోంచి కాస్త నీరు పీల్చి, లోపల తేలే బుడిపె ఎక్కడ ఆగిందో చదివాడు. నిండు బ్యాటరీలో అది 1250 దగ్గర తేలాలి. ఇందులో అడుగుకు అంటుకుపోయింది, దాదాపు మంచినీళ్లే.

"తేజాబ్ అంతా ఆవిరైపోయిందా భాయ్? కొత్తది పోద్దామా?" అన్నాడు మామూ.

"తేజాబ్ ఎక్కడికీ పోలేదు మియా. ప్లేట్లలో దాక్కుంది. ఏ మరా నహీఁ, భూకా హై."

ఆ ఒక్క మాటలో ఉన్న కెమిస్ట్రీ నాకు కాలేజీలో ఎవరూ అంత సాఫ్‌గా చెప్పలేదు. బ్యాటరీ వాడుకున్నకొద్దీ తేజాబ్‌లోని సల్ఫేటు సీసం ప్లేట్ల మీద పేరుకుంటుంది, నీళ్లు మిగులుతాయి. వెంటనే చార్జి చేస్తే ఆ సల్ఫేటు తిరిగి నీళ్లలోకి వచ్చి తేజాబ్ అవుతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే ఆ పొర గట్టిపడి పలుకులు కడుతుంది. అప్పుడు కరెంటు లోపలికి పోదు. అలాంటిదాంట్లో కొత్త ఆసిడ్ పోస్తే, దాక్కున్నది బయటికొచ్చిన రోజున రెండూ కలిసి ప్లేట్లను తినేస్తాయి. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే, అదీ ప్లేట్లు మునిగేంతవరకే. గీత దాకా నింపడం చార్జింగు అయ్యాక. ముందే నింపితే పొంగి పైకొస్తుంది.

ట్రాక్టరు సంగతీ అంతే. తీగలేస్తే బండి లేచేది, నిజమే. ఆల్టర్నేటరు మాత్రం రోజూ ఖర్చయ్యే కాస్తను నింపడానికే గానీ, చచ్చినంత పనైనదాన్ని నిలబెట్టడానికి కాదు. దాని మీద అంత బరువు వేస్తే అదీ కాలుతుంది. పెట్టెలు దించడానికి ఇంజను ఆపిన మొదటి ఇంటి ముందే బండి మళ్లీ మొరాయిస్తుంది.

"ఎన్ని గంటలు?" అన్నాడు మామూ.

"నాలుగు రోజులు."

మామూ మొహం చూడలేకపోయాను. మగ్గేసిన గదిలోంచి రసాల వాసన వీధి మలుపు దాకా వస్తోంది.

ఉస్తాద్ పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జరు తెప్పించాడు. ప్లస్ తీగకు మధ్యలో ఇండికేటరు బల్బు ఒకటి కలిపాడు, 21 వాట్లది. కరెంటు ఎంత పోవాలన్నా ఆ బల్బు గుండానే పోవాలి, కాబట్టి ఎక్కువ పోలేదు. ఉపవాసం ఉన్నవాడికి మొదట ఖర్జూరం ఇస్తాం, బిర్యానీ పెట్టం కదా అన్నాడు, రంజాన్ నెలే కాబట్టి ఆ పోలిక ఆయనకు చేతికందింది. మంగళవారం సాయంత్రం వరండాలో, గాలి ఆడేచోట, మూతలు వదులు చేసి పెట్టాం. చెక్కపీట మీద పెట్టమని మా అమ్మీ పట్టుబట్టింది, నేల మీద పెడితే భూమి చార్జి లాగేస్తుందట. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఆ భయమేమీ లేదని ఉస్తాద్‌కూ తెలుసు. అయినా పీట మీదే పెట్టాడు. ఇంటి పెద్దావిడతో బహస్ ఎందుకు?

బల్బు వెలగలేదు. అంటే లోపలికి ఏమీ పోవడం లేదు. రాత్రి పన్నెండుకు చూశాను, చీకటి. సహెరీకి లేచినప్పుడు బల్బు లోపల తీగ సన్నగా, ఎర్రగా, నిప్పురవ్వంత కనిపించింది. మామూని లేపాను. ఇద్దరం అన్నం కూడా మరిచి కాసేపు దాని ముందే కూర్చున్నాం. బ్యాటరీ తినడం మొదలుపెట్టింది.

బుధవారమంతా ఆ ఎరుపు పెరిగింది. గురువారానికి తగ్గసాగింది, అవతల వోల్టేజి లేచిందన్న గుర్తు. 12 దాటాక ఉస్తాద్ బల్బు తీసేసి నేరుగా మూడు ఆంపియర్ల మీద పెట్టాడు. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి పదో వంతు, అంటే మూడున్నర మించకూడదన్నది ఆయన హద్దు. గదులన్నీ సమంగా బుడగలు కక్కేదాకా ఉంచి, తరవాత హెడ్‌లైటు బల్బు తగిలించి సగం ఖాళీ చేయించి, మళ్లీ నింపాడు. కష్టపడి నింపినదాన్ని ఖాళీ చేయడమేమిటని మామూ లబలబలాడాడు. గట్టిపడిన ప్లేటు ఒక్క చార్జికి లొంగదు, ఎక్కించి దించుతుంటే మెత్తబడుతుంది. 1859లో ఫ్రాన్స్‌లో ప్లాంటే అనే ఆయన మొదటి సీసం బ్యాటరీ చేసినప్పుడు కూడా ప్లేట్లను ఇలాగే ఎక్కించీ దించీ తయారు చేసుకున్నాడని తరవాతెప్పుడో చదివి ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

ఆ నాలుగు రోజుల్లో మూడు బుట్టల రసాలు చెయ్యి జారాయి. కొన్ని ఇఫ్తార్‌కు వీధిలో పంచాం. మిగతావి అమ్మీ పిండి తాండ్ర పోసింది. మేడ మీద చాపలన్నీ పసుపుపచ్చన.

శనివారం పొద్దున, రాత్రంతా చార్జరు లేకుండా వదిలేసిన బ్యాటరీ 12.5 చూపించింది. అయిదు గదులు 1230, ఒకటి 1215. "సత్తర్ ఫీసదీ వచ్చింది, చాలు. పూర్తిగా తిరిగిరాదు" అన్నాడు ఉస్తాద్. సెల్ఫ్ కొడుతుండగా మీటరు పదికి దిగి ఆగింది. తొమ్మిదిన్నర కిందికి పడితే ఆ బ్యాటరీని నమ్మకూడదట. ఓమ్ని దగ్గి లేచింది. ఆ సాయంత్రం నలభై పెట్టెలు హనుమాన్ జంక్షన్ వెళ్లాయి. ఉస్తాద్ తీసుకున్నది నూట ఇరవై రూపాయలు, ఒక పెట్టె చిన్న రసాలు. అమ్మీ కర్జా ఆ ఏడు సగం తీరింది, మిగతా సగం మరుసటి ఏడు.

అదే వారం మా వీధి చివరాయన తన కారు బ్యాటరీ మోసుకొచ్చాడు. మీటరు 10.5 చూపింది. మాది 7.8తో బతికితే ఇది ఇంకా నయం కదా అని ఆయన ధీమా. ఉస్తాద్ గొట్టం పెట్టి చూశాడు. అయిదు గదులు బాగున్నాయి, ఒకటి పూర్తిగా నీళ్లు. గదికి రెండు వోల్టుల పైచిలుకు, ఒక గది లోపల ప్లేట్లు అంటుకుని చచ్చింది కాబట్టి పదిన్నర. దానికి ఇలాజ్ లేదు. ఆయన బతిమాలాడు, డబ్బులిస్తానన్నాడు. నాలుగు రోజులు తగిలించి పెట్టి రెండొందలు తీసుకోవచ్చు, అలా తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఉస్తాద్ తగిలించలేదు. ఉప్పు వేస్తే లేస్తుందట, ఏదో మాత్ర వేస్తే లేస్తుందట అని ఆయన ఇంకా ఏవో చెప్తుంటే, చేతులు సోడా నీళ్లతో కడుక్కుంటూ విన్నాడు. ఏది ఆకలితో ఉందో, ఏది పోయిందో విడదీయడమే ఆ హునర్ అంతా. మిగతా పని చార్జరు చేస్తుంది.

మామూ బ్యాటరీ ఇంకో రెండు సీజన్లు లాగింది. కాపు దించగానే మైనస్ తీగ ఊడదీసి పక్కకు కట్టేసేవాడు, నెలకోసారి ఉస్తాద్ దగ్గర ఒక రాత్రి చార్జింగు. వారానికోసారి దొడ్లోనే పది నిమిషాలు ఇంజను తిప్పి ఆపేస్తే చాలనుకునేవాళ్లను చూసి ఇప్పుడు మామూ నవ్వుతాడు. సెల్ఫ్ తిన్నదాన్ని కూడా అది సరిగ్గా తిరిగి ఇవ్వదు, కనీసం అరగంట రోడ్డు మీద నడవాలి.

2022లో, మేము ఏలూరు జిల్లా అయిన ఎండాకాలం, అది ఇక లేవనంది. మామూ తిరుపతి పక్కన కరకంబాడిలో తయారయ్యే ఆకుపచ్చ డబ్బా కొన్నాడు. పాతదానికి దుకాణం వాళ్లు బరువు చూసి కొంత తగ్గించారు. తిరిగి తీసుకోవడం వాళ్లకు కానూన్, సీసం అంత విలువైనదీ అంత జహర్ కూడా. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవాళ్లను ఉస్తాద్ తన షెడ్డు ఛాయలకు కూడా రానివ్వడు, పిల్లలు తిరిగే వీధి అని.

కొత్తది బిగించడానికి ఆయన్నే పిలిచాం. అలవాటుగా మూతల కోసం పైన వేలు పోనిచ్చాడు. మూతలు లేవు, నున్నగా ఉంది. ఒక మూల చిన్న గాజు కన్ను, పచ్చగా కనిపిస్తే బాగున్నట్టట.

"ఆరు గదుల ఇంటికి ఒక్క గదికే కిటికీ పెట్టారు బేటా" అన్నాడు నాతో. ప్లస్ బిగించాడు, తరవాత మైనస్. రెండింటికీ వాజలిన్ రాసి, మిగిలిన వేలు చొక్కాకు తుడుచుకున్నాడు. ఆ చొక్కాకు ఒక్క చిల్లూ లేదు.